నీకేమి కావలెనని అడుగుట



జెకర్యా గ్రంథము 8వ అధ్యాయము 4, 5 వచనములను ఒకసారి తెరచి చదువుడి. చెరనుండి తిరిగి వచ్చిన జనులకు ఆ ప్రవక్త యెరూషలేము క్షేమమును చూపుచు, అచ్చట కోటలనుగాని రథములనుగాని చూపలేదు. చేతికఱ్ఱ పట్టుకొన్న ముసలివారును ముసలమ్మలును వీధులలో కూర్చుండుటయు, అవే వీధులలో బాలురును బాలికలును ఆడుకొనుటయు చూపెను. ఆ మాట పలుకబడిన నాటికి పట్టణపు ప్రాకారము ఇంకను కూలియే యున్నది. నెహెమ్యా వచ్చి దానిని కట్టించుట క్రీ.పూ. 445 ప్రాంతపు సంగతి. జెకర్యా అంతకు డెబ్బది యేండ్లు ముందటివాడు. గోడ లేని ఊరికి మొదట కావలసినది గోడయే యని మనమందుము. ప్రవక్త కంటికి ముసలివారి కూర్చుండు చోటును పిల్లల ఆటయు ముందుగా కనబడెను.

మన ప్రక్క ఊళ్ల వీధులు ఎట్లున్నవి? పామిడిని తలంచుకొనుడి. పెన్న ఒడ్డున ఊరు. ఏటిలో నీరు పారు దినములకంటె ఇసుక తేలిన దినములే ఎక్కువ. బట్టల వ్యాపారమునకు పేరుపడిన ఊరు గనుక అంగళ్లలోనేగాక ఇండ్లలోను కుట్టుమిషను చప్పుడు వినబడును. బెంగుళూరు హైదరాబాదుల నడుమ పోవు పెద్ద రహదారి దాపుననే యున్నది. మన చిన్నతనములో వేరుశనగ కోత లైపోగానే కళ్లములన్నియు పిల్లలవే. ఎండిన చెరువు అడుగున బిళ్లంగోడు, వంక గట్టున గోలీలు, చింతచెట్టు క్రింద ఆడపిల్లల తొక్కుడుబిళ్ల. ఆ చోట్లను ఎవరును పిల్లలకు దానపత్రము వ్రాసి యియ్యలేదు; ఎవరును అడ్డు చెప్పలేదు, అంతే. ఇప్పుడు ఆ బీళ్లలో ఇండ్ల స్థలముల రాళ్లు పాతియున్నవి. పిల్లలు ఏటి ఇసుకకో రోడ్డు అంచునకో పోవుచున్నారు. పండ్రెండేండ్లు దాటిన ఆడపిల్ల గడపలోనే నిలిచిపోవుచున్నది.

కాబట్టి పిల్లలకొక ఆటస్థలము, పెద్దలకొక నీడ కావలెనని ఊరివారు తలంచుట మంచిదే. పాతబడిన ఉద్యానవనమును బాగుచేయించుదమని పట్టణపు పెద్దలు తలంచుటయు మంచిదే. ఇక్కడనే నేను ఎత్తదలచిన ప్రశ్న వచ్చుచున్నది. మేలు చేయబోవువాడు, ఆ మేలు పొందబోవువారిని ముందుగా అడుగవలెనా?

అక్కరలేదని చెప్పువారు బుద్ధిహీనులు కారు. వారి వాదము ఇట్లుండును. పిల్లవానికి ఉయ్యాలయు జారుడుబల్లయు కావలెనని ఎవరికి తెలియదు? ముసలివారికి బల్ల కావలెనని ఎవరికి తెలియదు? పదిమందిని పిలిచి అడిగినయెడల పది మాటలు పుట్టును, పోట్లాట వచ్చును, వచ్చిన ధనము తిరిగి పోవును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు ముందు సభ చేయుదుమా? ఈ మాటలో బలము కలదు. నేనును చాలకాలము ఇట్లే తలంచినవాడను.

మార్కు సువార్త 10వ అధ్యాయములో యెరికో త్రోవ ప్రక్కన కూర్చున్న బర్తిమయిని చూడుడి. అతడు గ్రుడ్డివాడని గుంపులో తెలియనివాడు లేడు. అతనికి కావలసినది చూపని చెప్పుటకు ప్రవక్త అక్కరలేదు. అయినను యేసుప్రభువు నిలిచి, నేను నీకేమి చేయగోరుచున్నావని అడిగెను. ఆయనకు తెలియక అడిగెనా? అంతకు ముందు జరిగినది గమనించుడి. అతడు కేక వేసినప్పుడు ఊరకుండుమని అనేకులు గద్దించిరి. ఏ నోటిని గుంపు మూయించినదో ఆ నోటినే ప్రభువు అందరి యెదుట మాటలాడనిచ్చెను. చూపు వచ్చుటకు ముందే అతనికి ఒక గౌరవము వచ్చినది. అన్నము పెట్టుటకు సభ అక్కరలేదు, నిజమే. అయితే ప్రతిదినము ఒకడు మన చేతినుండి అన్నము తినవలసి యున్నప్పుడు, నీవు ఏమి తినెదవని ఎన్నడును అడుగకుండుట ప్రేమ కాదు.

అది ఒక కారణము. రెండవ కారణము ఇంకను సామాన్యమైనది. మనకు తెలియునని తలంచునది తరచుగా మనకు తెలియదు. దీనికి మా తప్పునే సాక్ష్యముగా చెప్పెదను.

పామిడికి దాపుననున్న ఒక చిన్న ఊరిలో మా సంఘమున్నది. గుడి ప్రక్కన ఇరువది సెంట్ల ఖాళీ ఆవరణ కలదు. కొన్నియేండ్ల క్రిందట కోతపండుగ కానుకలలో మిగిలినదానిని చేర్చి, పిల్లలకు ఆటస్థలము చేయుదమని పెద్దలము నలుగురము గుడి వరండాలో కూర్చుండి తీర్మానించితిమి. గంటసేపైనను పట్టలేదు. ఇనుప జారుడుబల్ల ఒకటి, ఉయ్యాలలు రెండు తెప్పించితిమి. జారుడుబల్లకు చోటు చాలదని మూలనున్న వేపచెట్టును కొట్టివేసితిమి. చుట్టు ముండ్లతీగె, గేటు, గేటుకు తాళము. తాళపుచెవి నాయొద్దనే యుండెను.

మన అనంతపురపు ఎండ ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. మార్చినెల మొదలుకొని ఆ ఇనుప రేకు పెనమువలె కాలును. మొదటి వేసవిలోనే ఒక పసివాని తొడలు బొబ్బలెక్కినవి. సాయంకాలము చల్లబడు వేళకు నేను పొలమునుండి వచ్చి తాళము తీయవలెను. రాని దినమున పిల్లలు తీగెక్రింద దూరి బట్టలు చింపుకొనిరి. మేము వేసిన కంచె స్త్రీలు కొళాయికి పోవు అడ్డదారిని మూసినది. బిందె చంకన పెట్టుకొని చుట్టు తిరిగి పోవలసి వచ్చినను వారు మాతో ఒక్కమాట చెప్పలేదు. ఎందుకు చెప్పుదురు? వారినెవరు అడిగిరి? నీడ పోయినది గనుక ముసలివారు రాలేదు. మూడవ యేటికి ఉయ్యాల గొలుసు తెగెను, దానిని బాగుచేయింతుమని ఎవరును ముందుకు రాలేదు. అది పెద్దలు పెట్టించినది గనుక పెద్దలే చూచుకొందురని ఊరివారనిరి. వారి మాట న్యాయమైనదే.

మనసున గ్రుచ్చుకొన్న సంగతి మరియొకటి కలదు. మా తాతల దినములలో ఊరి రచ్చకట్టమీద మనవారికి కూర్చుండు హక్కు లేదు. ఊరి సంగతులు అచ్చట తీర్మానమగుచుండగా వారు దిగువను నిలువబడి వినవలసినదే గాని, మీకేమి కావలెనని వారిని అడిగినవారు లేరు. ఆ అవమానమును మనము కథలుగా విని పెరిగితిమి. అట్టి మనము, మన ఆవరణలో, మన స్త్రీలను, మన పిల్లలను, ఏమి కావలెనని అడుగక తీర్మానించితిమి. ఆ వరండాయే మన రచ్చకట్ట ఆయెను.

ఈ దేశములో అడుగుట ఇప్పుడు దయాధర్మము మాత్రమే కాదు. 1993లో అమలునకు వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు పల్లెలకును పట్టణములకును తమ సంగతులు తాము నడుపుకొను అధికారమును ఇచ్చినవి. గ్రామసభకు చట్టమున స్థానము కలిగెను. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకము మన జిల్లాలోని బండ్లపల్లెలోనే ఆరంభింపబడినప్పుడు, ఏ పనులు చేయవలెనో గ్రామసభలో అనుకొనుటయు, చేసిన పనుల లెక్కలను జనులయెదుట చదువుటయు ఆ చట్టములోనే వ్రాయబడి యుండెను. ఆ సామాజిక తనిఖీ సభలలో కూలి చేసిన స్త్రీ లేచి, నా పేరిట వ్రాసిన దినములు తప్పని చెప్పుట మనము విన్నదే.

మనవారు కూలికై పోవు బెంగుళూరులో జరిగిన సంగతి ఒకటి ఇక్కడ తలచదగినది. రాజమహల్ విలాస్ అను పేటలో ప్రజల ఉద్యానవనమునకని విడిచిన స్థలమును, ప్రభుత్వపు ఆదేశముచే, ఒక ప్రైవేటు వైద్యశాల కట్టుటకు ఇచ్చివేసిరి. ఆ పేటవారు న్యాయస్థానమునకు పోయిరి. 1991లో సర్వోన్నత న్యాయస్థానము వారి పక్షముననే తీర్పు చెప్పెను. ఆలోచించుడి, వైద్యశాల చెడ్డదా? రోగికి మంచము కావలదా? అయినను అందరికని విడిచిన ఖాళీ నేలను, అందరి మాట వినకుండ, ఒకరి చేతికి ఇచ్చుట తగదని తీర్పు. దొంగ వచ్చి ఖాళీస్థలమును ఆక్రమించినయెడల ఊరంతయు గుర్తుపట్టును. మంచిపని పేరు పెట్టుకొని వచ్చినప్పుడు గుర్తుపట్టుట కష్టము. గుడి విస్తరణ పేరునైనను సరే.

ఇక మా ఆవరణ సంగతి. మా యువజనులు కొందరు, బెంగుళూరులో పనిచేసి తిరిగివచ్చినవారు, దానిని మరల బాగుచేయుదమని అడిగిరి. ఈసారి సభ పెట్టక ముందు ఇల్లిల్లు తిరుగుదమనిరి. నాకు విసుగు కలిగినది. అయినను వెంట పోతిని.

ఒక అవ్వ తన అరుగుమీద కూర్చుండి చాలసేపు మా మొగములను చూచి, ఇట్లనెను: "నన్ను అడగను వచ్చినారా సామీ? అరవై ఏండ్లయె ఈ ఊరికి కాపరానికొచ్చి. ఓటుకు తప్ప నన్నెవురూ ఏమీ అడగల్యా." పిమ్మట తనకు కావలసినది చెప్పెను. వీపు ఆన్చుకొనుటకు వెనుక గోడ గల అరుగు. మేము పెట్టించదలచినది వీపులేని సిమెంటు దిమ్మె. అంత చిన్న సంగతి. అరువదియేండ్లు వేరుశనగ పెరికిన నడుము ఏమి కోరునో వరండాలో కూర్చున్న మాకేమి తెలియును?

పిల్లలను అడుగుట అన్నిటికంటె కష్టమైనది. ఏమి కావాల నాయనా అనగానే ఉయ్యాల అనిరి, మేము ముందు పెట్టినది వారు చూచినది అదియే గనుక. సండేస్కూలు ఉపాధ్యాయురాలు వారిని నేలమీద సుద్దముక్కతో గీయమనెను. అప్పుడు బయలుపడినవి సంగతులు. ఒకడు ఎక్కుటకు చెట్టు గీసెను. ఒకడు తాను పడినచోట మెత్తగా నుండుటకు ఏటి ఇసుక గీసెను. పదునాలుగేండ్ల పిల్ల ఒకతె ఏమియు గీయక, అందరు పోయిన తరువాత, అక్కా, అక్కడ మరుగుదొడ్డి లేకుండా మేమెట్ల వస్తామని అడిగెను. ఆడపిల్లలు ఏల రాలేదో మాకు ఆ దినమున తెలిసినది.

ఈ సంగతి దూరదేశములలోను కొందరు కనుగొనిరి. డెన్మార్కులో సోరెన్సెన్ అను తోటల నిర్మాణకుడు, పిల్లలు తాను వేసిన చక్కని ఆటస్థలములకంటె ఇండ్లు కట్టు చోట్ల పారవేసిన కఱ్ఱలతోను ఇటుకలతోను ఆడుటకే ఇష్టపడుటను గమనించెను. 1943లో, ఆ దేశము శత్రుసేనల క్రింద నున్నప్పుడే, కోపెన్‌హేగెను నగరపు ఎంద్రుప్ పేటలో అట్టి సామానుతోనే ఒక స్థలము ఏర్పడి, పిల్లలే దానిలో తమ గుడిసెలు కట్టుకొనిరి. హాలండు దేశపు ఆంస్టర్‌డాం నగరములో ఆల్డో వాన్ ఐక్ అను శిల్పి 1947లో మొదటి ఆటస్థలమును వేసెను. దానిని చూచి, మా వీధికిని ఒకటి కావలెనని జనులు నగరపు కార్యాలయమునకు ఉత్తరములు వ్రాయసాగిరి. వారు చూపిన ఖాళీస్థలములలోనే ఒకదాని తరువాత ఒకటి వేయగా, ముప్పది యేండ్లలో అవి ఏడు వందలు దాటినవి. వానిలో ఇసుకగుంట, తక్కువ ఎత్తు దిమ్మెలు, వ్రేలాడుటకు ఇనుప కడ్డీలు, ఇంతకంటె ఎక్కువ లేవు. ఎక్కువ చోట్ల కంచెలును లేవు. యుద్ధములో యూదులను చెరగొనిపోగా వారి ఇండ్లు పాడై కూలిన ఖాళీలలోను కొన్ని వేయబడినవని చదివినప్పుడు నాకు జెకర్యా జ్ఞాపకము వచ్చెను.

అందరిని అడిగిన తరువాత పని సులువైనదని తలంచవద్దు. పోట్లాట రానేవచ్చినది. క్రికెట్టు ఆడు మగపిల్లలు ఆవరణ అంతయు ఖాళీగా నుండవలెననిరి. వారి గొంతు పెద్దది, సంఖ్యయు పెద్దది. చేతులెత్తించియుంటే వారే గెలిచియుందురు. అడుగుట అనగా తలలు లెక్కించుట అయినయెడల ఆ పదునాలుగేండ్ల పిల్ల మరల గడపలోనికే పోవలసినది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమును అప్పుడు మా గురువుగారు చదివించిరి. దినదిన పరిచర్యలో తమ విధవరాండ్రను మరచిపోయిరని గ్రీకుభాష మాటలాడు యూదులు సణిగిరి. సణిగినవారు బలవంతులైన పక్షమువారు కారు. సంఘమంతయు కూడి ఏడుగురిని ఏర్పరచినప్పుడు, ఆ ఏడుగురి పేరులును గ్రీకు పేరులే. ఎవరు మరువబడిరో వారి పక్షమువారి చేతికే పని అప్పగింపబడెనని పలువురు వ్యాఖ్యాతలు దీనినిబట్టి గ్రహించుచున్నారు. మేమును అట్లే, స్థలమును ఎట్లు విభాగించవలెనో స్త్రీల మైత్రివారును ఆ పిల్లలును చెప్పవలెనంటిమి. క్రికెట్టు ఏటి ఇసుకమేటకు పోయెను, ఆదివారము సాయంకాలము తప్ప. మగపిల్లలు కొన్నాళ్లు మొగము ముడుచుకొనిరి.

అడిగినవన్నియు ఇయ్యలేము. ఒక ధనవంతుడైన సహోదరుడు, తాను సొమ్మిచ్చెదను, పచ్చగడ్డి పరపించి పూలమొక్కలు పెట్టుడనెను. చూచుటకు ఎంత అందము! అయితే మన జిల్లాలో ఏడాదికి పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదియును నమ్మకము లేనిది. గడ్డి దినదినము నీరు త్రాగును. కొళాయియొద్ద వరుసలో నిలిచిన స్త్రీ, తన బిందె నిండకముందే ఆ గడ్డిమీద నీరు చిమ్ముటను చూడవలసివచ్చును. బేత్లెహేము బావినీటికై దావీదు ఆశపడగా ముగ్గురు ప్రాణమునకు తెగించి తెచ్చిరి. అది వారి రక్తమువంటిదని అతడు త్రాగనొల్లక దేవుని సన్నిధిని పారబోసెను. రెండవ సమూయేలు 23వ అధ్యాయములో నున్నది. ఇతరుల నడుము నొప్పితో వచ్చిన నీటిని మన కన్నుల సంతోషమునకై వాడుట ఎట్లని ఆ సహోదరునితో ముఖాముఖిగా చెప్పితిమి. కాదన్నప్పుడు కారణమును మొగమెదుటనే చెప్పవలెను, ఇది కష్టమైనను. ఆయన కొన్ని నెలలు నాతో మాటలాడలేదు.

కాదనుటకంటె చెడ్డది కలదు. రెహబాము పెద్దలను అడిగెను, యౌవనస్థులను అడిగెను. తన మనస్సులో నున్న మాట దొరకువరకు అడిగి, దానినే చేసెను. రాజ్యము చీలెను. ముందుగానే అచ్చు వేయించిన నకషాను తెచ్చి, దాని అడుగున వేలిముద్రలు వేయించుకొని, జనుల అభిప్రాయము తీసికొంటిమని వ్రాసికొనుట ఇట్టిదే. అడుగక చేసినవాడు తెలియనివాడు కావచ్చును. అడిగినట్లు నటించినవాడు తెలిసినవాడే.

పూలకు బదులు చెట్లు అనుకొంటిమి. కానుగ రెండు, వేప రెండు, నేరేడు ఒకటి. మొదటి మూడేండ్లు నీరు పోయవలెను, తరువాత అవే బ్రదుకును. ఎవరు పోయుదురు? నెహెమ్యా 3వ అధ్యాయము పేరుల పట్టికయని మనము దాటవేయుదుము గాని, ఎవరి యింటికి ఎదురుగా వారు గోడ బాగుచేసికొనిరని అందులో పదేపదే వ్రాయబడినది. గంధములు చేయువాడు, బంగారపు పనివారు, తన కుమార్తెలతో కూడ షల్లూము. తెకోవ అధికారులు మాత్రము మెడ వంచలేదు. మా యొద్దను ఎవరి గుమ్మమునకు దగ్గరనున్న చెట్టు వారిదని పంచితిమి. ముఖము కడిగిన నీరు, గిన్నెలు తోమిన నీరు చాలును. నాకు నేరేడు వచ్చినది. నేను ఊరిలో లేని దినములలో పోయువారు లేక అది ఎండిపోయెను. తాళపుచెవి నాటినుండియు నా భాగము ఇట్లే యున్నదని మా యింటివారు నవ్విరి.

జారుడుబల్లను చెట్టునీడ పెరుగువరకు తాటాకు పందిరి క్రిందికి మార్చితిమి. మరుగుదొడ్డి కట్టితిమి, దానికే సగము ధనము పట్టినది. కొళాయి అడ్డదారిని తెరచితిమి. వీపు గల అరుగుమీద సాయంకాలము ఆ అవ్వయు మరి ముగ్గురును కూర్చుండుచున్నారు. అవ్వ చూపు మందగించినది. అయినను ఎవరి పిల్ల ఏడ్చుచున్నదో గొంతునుబట్టి చెప్పును.

తెగని సంగతి ఒకటి మిగిలినది. మేము ఇల్లిల్లు తిరిగినప్పుడు, రెండు మేకలు పెట్టుకొని బ్రదుకు ఒక విధవరాలు, మధ్యాహ్నము మేకలను కట్టుకొనుటకు తనకు ఈ ఆవరణ తప్ప వేరు చోటు లేదనెను. ఆమెకై కంచెలో సందు ఒకటి విడిచితిమి. గత నెలలో ఆ మేకలు త్రాడు తెంచుకొని రెండు కానుగ మొక్కలను మొదటివరకు మేసినవి. వాటికి నీరు పోసిన పిల్లలు ఏడ్చిరి. సందు మూయవలెనని సగముమంది, మూసినయెడల ఆమె ఎక్కడికి పోవునని సగముమంది. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత అందరము ఆ అరుగుయొద్దనే కూర్చుండి మాటలాడుదుము. ఈసారి మేకల ఆమెను ముందుగా మాటలాడనిత్తుమని పిల్లలే చెప్పిరి.